మడ నేల మట్టం నేర్పిన ఆరేళ్లు

సముద్ర జీవావరణ శాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు, చచ్చిపోయిన మడ అడవిని తిరిగి పెంచడమంటే మొక్కలు నాటడమేనని నేను నమ్మాను. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో, పాత కట్ట వెనుక మోడుబారిన మడ నేలలో రైజోఫోరా అనే మడ జాతి మొలకలు 800 నాటాము. ఈ జాతి గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తి, సన్నని కోలలా కిందికి వేలాడుతుంది. కోసుకొచ్చి బురదలో గుచ్చితే నాటినట్టే. ఆ సులువే మమ్మల్ని మోసగించింది. పదకొండు నెలల తరువాత లెక్కపెడితే 41 మాత్రమే బతికి ఉన్నాయి.

మా గైడ్ గారు నన్ను కోప్పడలేదు. మొక్కలు ఎందుకు చచ్చాయన్నది తరువాత చూద్దామని, చుట్టూ ఇంత అడవి ఉండగా, పోటుతో పాటు ఇన్ని గింజలు కొట్టుకు వస్తుండగా, ఈ నేలలో తనంతట తానుగా ఒక్క మొక్క కూడా ఎందుకు మొలవడం లేదో ముందు చెప్పమని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నా పరిశోధన నిజంగా మొదలైంది ఆ ప్రశ్నతోనే.

చదవడం మొదలుపెట్టాక, మా వైఫల్యం కొత్తది కాదని తెలిసింది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు సాగిన మడ నాట్లను సమీక్షిస్తూ ప్రిమవేరా, ఎస్తెబాన్ 2008లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, దీర్ఘకాలంలో బతికినవి 10 నుంచి 20 శాతమే. మడలు పెరగదగిన నేలలు చేపల చెరువులుగా మారిపోగా, యాజమాన్య వివాదాలు లేవన్న కారణంతో మడలకు ఏమాత్రం తగని లోతట్టు తీరాల్లో, అక్కడ సహజంగా పెరగని రైజోఫోరాను నాటారు. నేల దొరికిన చోట నాటారు తప్ప, చెట్టు బతికే చోట నాటలేదు. మరోవైపు, అమెరికా శాస్త్రవేత్త రాబిన్ లూయిస్ ఫ్లోరిడాలోని వెస్ట్ లేక్ వద్ద పూడిక మట్టిని తీసి నేల ఎత్తును సరిచేయించి, పోటు కాలువలు తెరిపించి, ఒక్క మడ మొక్కా నాటకుండానే అడవిని రప్పించారు. మడ చెట్లు సాధారణంగా సగటు సముద్ర మట్టానికి పైన, మొత్తం కాలంలో 30 శాతానికి మించి నీరు నిలవని చోట పెరుగుతాయని ఆయన పదేపదే రాశారు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే, ఆ 800 మొలకలనూ చెట్ల మీదే వదిలేసేదాన్ని.

ఆ తరువాత పద్నాలుగు నెలల పాటు మేము కొలతలు తప్ప మరే పనీ చేయలేదు. తాపీమేస్త్రీలు వాడే పారదర్శక నీళ్ల గొట్టంతోనే, ఆరోగ్యంగా ఉన్న అడవి నేలకూ చచ్చిన నేలకూ ఎత్తులో తేడాను సెంటీమీటర్లలో పట్టగలిగాము. చచ్చిన నేల ఎత్తు బాగానే ఉంది. దోషమంతా కట్ట కింద పూడిపోయిన పాత కాలువది. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటు మాత్రమే లోపలికి వచ్చేది, వచ్చిన నీరు వెనక్కి పోయేది కాదు, అక్కడే ఎండిపోయి ఉప్పును వదిలేది. సముద్రపు నీటి లవణీయత వెయ్యికి సుమారు 35 భాగాలైతే, వేసవిలో మా నేలలోని ఊట నీటిలో అది 78 వరకు చేరింది. వర్షాకాలంలో అదే నేల నీట మునిగి, ప్రాణవాయువు అందక, కుళ్లిన గుడ్ల వాసన వేసే నల్ల బురదగా మారేది. ఏ మొలకైనా ఈ రెండు కాలాలనూ దాటాలి.

కాలువ తెరిచిన రెండో ఏటికే అవిసీనియా అనే మరో మడ జాతి మొలకలు వాటంతటవే కనిపించాయి. నేను ఆ ఉత్సాహంతోనే మొదటి వ్యాసం రాసి పంపాను, అది తిరిగివచ్చింది. కాలువ తెరిచిన ఒక నేలలో ముప్ఫై గడులు (మొక్కలు లెక్కపెట్టేందుకు గుర్తించిన చదరపు ముక్కలు), సహజమైన ఒక అడవిలో ముప్ఫై గడులు లెక్కించి, అరవై స్వతంత్ర నమూనాలు ఉన్నట్టు గణాంకాలు వేశానని సమీక్షకులు ఎత్తిచూపారు. నిజానికి నా దగ్గర ఉన్నవి ఒక్క నేల, ఒక్క అడవి మాత్రమే. ఈ పొరపాటుకు జీవావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984లోనే ‘సూడోరెప్లికేషన్’ అని పేరు పెట్టి, తాను పరిశీలించిన ప్రయోగాల్లో గణాంక పరీక్షలు వాడినవాటిలో 48 శాతం అదే తప్పు చేశాయని చూపించారు. చాలా మంది చేసే తప్పే కదా అన్న ఓదార్పు నాకు అక్కరకు రాలేదు, ఎందుకంటే పోయింది నా మూడేళ్ల కష్టం. కొన్ని వారాలు ఆ ఫైలు తెరవలేకపోయాను.

అయినా సమీక్షకుల మాట న్యాయమైనది. పరిశోధన ప్రణాళికను మార్చి, తెరవబోయే మూడు నేలలు, మూసి ఉంచే మూడు, సహజమైన మూడు అడవులు ఎంచుకుని, కాలువ తవ్వక ముందూ తవ్విన తరువాతా ఒకే పద్ధతిలో కొలిచాము. ఫెలోషిప్ గడువు ఆలోపే తీరిపోయింది. చివరి ఏడాది పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ పూర్తి చేశాను. థీసిస్‌పై జరిగే మౌఖిక పరీక్ష వైవాలో అడిగిన ప్రశ్నల్లో సగానికి పైగా ఆ 800 మొలకల గురించే. వాటిని దాచకుండా మొదటి అధ్యాయంగా రాయడం నేను తీసుకున్న మంచి నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు అదే నేలల్లో, లోతుగా దిగగొట్టిన ఉక్కు కడ్డీకి చేతిలాంటి ఒక అడ్డకడ్డీని అమర్చి, నాలుగు దిక్కులలో తొమ్మిదేసి పుల్లలను నేలకు ఆనించి, నేల ఎత్తు ఏటా ఎన్ని మిల్లీమీటర్లు పెరుగుతోందో కొలుస్తున్నాను. చెట్ల ఎత్తు సహజ అడవికి దగ్గరపడింది. పీతల బొరియల సంఖ్య, మట్టిలోని కార్బన్ మాత్రం ఇంకా చాలా వెనుకబడి ఉన్నాయి. వచ్చే వేసవి ఆటు సమయంలో వాటిని మళ్లీ లెక్కించాలి.