పైనుంచి వెళ్లేదానికి కాగితం రాదు

సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా ఒడిశాలో మా బరంపురంలో పొద్దున్నే బస్సెక్కి మా అత్త వాళ్లూరు వెళ్లాను. గోపాల్‌పూర్ దాటాక సముద్రం ఒడ్డునే ఉంటుంది, దాదాపు అందరూ మన తెలుగు జాలరి కుటుంబాలే, ఇక్కడివాళ్లు నోళియాలంటారు. పండక్కి చీరలివ్వడం ఒక పని, అసలు పని మాత్రం మా వదిన కూతుర్ని ఎత్తుకోవడం. పాపకి ఎనిమిదో నెల.

వదిన గుమ్మంలో కూర్చుని ఉగ్గు పెడుతోంది, దాని నోరు తెరిపించడానికి నేను ఎదురుగా కూర్చుని గోడ మీది కాకిని చూపిస్తున్నాను. మామూలుగా విమానం వస్తుంటే దూరం నుంచే మోత వినిపిస్తుంది కదా, తలెత్తి ఎక్కడా అని వెతుక్కుంటాం. ఆ రోజు అలా కాదు. ఏమీ లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి నెత్తి మీద కొత్త చీరని ఒక్క గుంజుకి చింపినట్టు చప్పుడు, ఊరంత చీర అనుకోండి. కప్పు రేకులు గడగడలాడాయి. గూట్లో చెంబు దొర్లి కింద పడింది. పాప ఏడవలేదు. కర్రలా బిగుసుకుపోయి గుక్క పట్టేసింది, నోరు తెరిచే ఉంది, ఉగ్గు గడ్డం మీంచి కారుతోంది, గొంతు మాత్రం పెగలడం లేదు. వదిన దాన్ని బోర్లా వేసుకుని వీపు తట్టింది, ముఖాన నీళ్లు చల్లింది, పేరు పెట్టి పిలిచింది. ఎంతసేపో చెప్పలేను. గుక్క విడిచి అది గట్టిగా ఏడ్చాక గానీ మా ఇద్దరికీ ఊపిరి రాలేదు.

ఈలోగా వీధిలో పిల్లలు "ఉడాజహాజ్, ఉడాజహాజ్" అని, ఒడియాలో విమానమని, అరుస్తూ ఇసుకలోకి పరిగెత్తారు. పక్కింటి ముసలామె గోడ పట్టుకుని నిలబడి "యుద్ధం వచ్చేసిందా అమ్మా?" అని అడుగుతోంది. ఆమె అలా అడగడంలో తప్పేముంది? 2025 మే 7న దేశమంతా మాక్ డ్రిల్ జరిగినప్పుడు మన గోపాల్‌పూర్ కూడా ఆ జాబితాలో ఉంది. సైరన్ మోగితే ఏం చేయాలో అప్పుడు చెప్పారు. సైరన్ లేకుండా నెత్తి మీదికి వచ్చేదాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. కాసేపటికి ఇంకోసారి వచ్చింది, ఈసారి కొంచెం సముద్రం వైపుగా. అంతే, ఆ తర్వాత ఏమీ లేదు. ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో, ఎందుకొచ్చిందో ఈ రోజుకీ మాకు తెలియదు.

మధ్యాహ్నం మా మావయ్య వల బాగు చేసుకుంటూ అన్న మాటే నన్ను ఇది రాయిస్తోంది. "ఫైరింగుంటే కాగితం వస్తాది. ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకూ ఇటు పోవద్దని చెప్తారు, మేం పోం. దీనికి కాగితం ఏదమ్మా?" అన్నారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, విమానాల్ని కూల్చే తుపాకులు, క్షిపణులు నడిపేవాళ్లకి అక్కడే శిక్షణ. పక్కన గోళాబంధ దగ్గర సముద్రం వైపు ఫైరింగ్ జరుగుతుంది. ఆ రోజుల్లో వేటకి వెళ్లొద్దని జాలర్లకి ముందే చెబుతారు. మావయ్య ఆ కాగితాల్ని పాలిథిన్ కవర్లో పెట్టి పడవ కాగితాలతో పాటు ట్రంకుపెట్టెలో దాస్తారు. వేట పోయిందని బాధ ఉంటుంది, కానీ ఆ కాగితం ఇచ్చినవాళ్లు మనల్ని మనుషులుగా లెక్కేశారన్న నమ్మకం కూడా ఉంటుంది. తుపానుకీ అంతే. 2013లో ఫైలిన్ ఇక్కడే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగి చెప్పారు, కాబట్టే ప్రాణాలు దక్కాయి. ఆ తుపాను తర్వాత కిందికి ఎగిరిన హెలికాప్టర్లకి మేమే చేతులూపాం. కిందికి ఎగరడమే తప్పని నేననడం లేదు. మా అత్త వాళ్ల వీధిలోనే ఇద్దరు కుర్రాళ్లు ఆర్మీలో ఉన్నారు. రాడార్ చూపు తిన్నగానే పోతుంది, భూమి వంపు కింద ఉన్నదాన్ని పట్టలేదు, అందుకే యుద్ధ విమానం నేలకి దగ్గరగా ఎగరడం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే రేపు చచ్చేది ఆ పైలటే.

కానీ ఊరి మీద ఎందుకు, అదీ చెప్పకుండా ఎందుకు?

ఇంటికొచ్చాక లెక్కేసి చూశాను. గంటకి 900 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 250 మీటర్లు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. విమానం రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు చేసిన చప్పుడు మనదాకా రావడానికి ఏడు సెకన్ల పైన పడుతుంది, ఆ విమానం పది సెకన్లలో మన నెత్తి మీదే ఉంటుంది. అంటే అంత దూరం నుంచి విన్నా మన చేతిలో ఉండేది రెండున్నర సెకన్లు. పైగా జెట్ మోత ఎక్కువగా వెనక్కే పోతుంది కాబట్టి అదీ దక్కదు. నిచ్చెన ఎక్కి సున్నం వేసేవాడికీ, స్కూటర్ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని వెళ్లే తల్లికీ, పడవ అంచున నిలబడి వల లాగేవాడికీ రెండున్నర సెకన్లు ఏం సరిపోతాయి?

చప్పుడు ఒక సంగతి, పడిపోతే ఏంటన్నది ఇంకో సంగతి, దాన్ని తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. 2023 మే 8న రాజస్థాన్‌లో హనుమాన్‌గఢ్ జిల్లా బహ్లోల్‌నగర్‌లో మిగ్-21 యుద్ధ విమానం ఒక ఇంటి మీద పడింది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డారు, ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లూ ఆ పూట ఇంటి పనిలోనే ఉండి ఉంటారు, మా వదినలాగే. 2010 మార్చిలో హైదరాబాద్ బోయిన్‌పల్లిలో విన్యాసాలు చేస్తున్న నేవీ విమానం జనం ఉండే చోట భవనం మీద కూలి ఇద్దరు పైలట్లూ పోయారు. 2025 జులై 21న ఢాకాలో శిక్షణలో ఉన్న యుద్ధ విమానం బడి మీద పడి ముప్పై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. 1998లో ఇటలీలో కవలేజే దగ్గర అమెరికా విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా కిందికి దిగి రోప్‌వే తీగని తెంచేసింది, ఇరవై మంది పోయారు. ఆ ఒక్క విమానం కూలలేదు, తిరిగి వెళ్లిపోయింది.

పైలట్లు ప్రాణాలొడ్డి ఊళ్లని తప్పిస్తారన్నది నిజం. 2025 ఏప్రిల్‌లో జామ్‌నగర్ దగ్గర జాగ్వార్ యుద్ధ విమానం కూలినప్పుడు అదే జరిగిందని వైమానిక దళం చెప్పింది, ఒక పైలట్ చనిపోయారు. ఆ అబ్బాయికి దండం పెట్టాలి. అయితే తప్పించడానికి ఎత్తు ఉండాలి కదా, వందా నూటయాభై మీటర్ల ఎత్తులో ఇంజన్లోకి పక్షి దూరితే ఎటు తిప్పుతాడు? మనకి పక్కనే చిలికా సరస్సు. చలికాలంలో అక్కడికి పది లక్షలకు పైగా వలస పక్షులు వస్తాయి. మేం విమానం చూసిందీ ఆ నెలల్లోనే.

పౌర విమానాలకైతే జనావాసాల మీద అంత కిందికి రాకూడదని నిబంధనలున్నాయి, చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన కట్టడం మీద ఇంకో 300 మీటర్లు ఉండాలి. మిలిటరీ విమానాలు ఆ లెక్కలోకి రావు. నోటమ్ అనే హెచ్చరిక జారీ చేస్తారు, అది పైలట్ల కోసం. కింద ఉన్నవాళ్ల కోసం ఏముంది? ఫైరింగ్ విషయంలో 1938 నాటి చట్టమే ఉంది, ముందుగా ప్రకటన ఇవ్వాలి, నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. మన ఒడిశాలోనే చాందీపూర్‌లో 2024 జులైలో ఒక క్షిపణి పరీక్షకి పది ఊళ్ల నుంచి పది వేల మందికి పైగా జనాన్ని పొద్దున్నే తరలించారు, పోయిన కూలికి డబ్బులిచ్చారు. దేశ రహస్యం ఏమీ బయటపడలేదు. బ్రిటన్‌లో జెట్‌లు 250 అడుగుల దాకా కిందికి ఎగురుతాయి, మరీ కిందికి ఎగిరే ప్రాంతాల టైమ్‌టేబుల్ ప్రభుత్వమే ముందుగా పెడుతుంది, ఫిర్యాదు చేయడానికి వేరే ఏర్పాటు ఉంది. అక్కడ కుదిరేది ఇక్కడెందుకు కుదరదు?

ఆ తర్వాత మూడు రోజులు కుక్కర్ విజిల్ వేస్తే చాలు పాప ఉలిక్కిపడి ఏడ్చేదని వదిన ఫోన్లో చెప్పింది. కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వండిందట. ఇప్పుడు తగ్గింది.

మేం పెద్దగా ఏమీ అడగడం లేదు. ఏ రోజు, పొద్దునా సాయంత్రమా, అంతవరకు చెప్తే చాలు. బడి మీంచీ ఆసుపత్రి మీంచీ కాకుండా సముద్రం మీంచి వెళ్లే దారి చూడండి, ఇంత సముద్రం పక్కనే ఉంది. ఏమైనా జరిగితే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఇవ్వండి. ఆ చెప్పేది కూడా ఒడియాతో పాటు తెలుగులో చెప్పండి, ఎందుకంటే మా అత్త ఈడు వాళ్లకి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, మైకులో తెలుగు వినిపిస్తేనే ఇంట్లోంచి బయటికి వస్తారు.

నిన్న రాత్రి కూర్చుని అర్జీ రాశాను, తెలుగులో నేను రాస్తే ఒడియాలో మా పక్కింటి మాస్టారు రాసిపెట్టారు. మావయ్య చదివించుకుని విని, ముసలామె అడిగిన మాట కూడా రాయమన్నారు. రాశాను. వాళ్ల వీధిలో ఇప్పటికి ముప్పై ఒక్క సంతకాలయ్యాయి, అందులో పదకొండు వేలిముద్రలు. సోమవారం సర్పంచ్ గారికి ఇచ్చి, అక్కణ్ణించి ఛత్రపూర్ కలెక్టరాఫీసుకి వెళ్తున్నాం. మీ ఊరి మీంచి కూడా ఇలా వెళ్లి ఉంటే తేదీ, టైము రాసి నాకు పంపండి, దానికి జత చేస్తాను.