బావి ఉన్న పన్నెండు గుంటలు

2025 ఆగస్టు 18, సోమవారం, రాత్రి

వారం రోజులుగా వదలని ముసురు ఈ ఉదయం కాస్త తెరిపిచ్చింది. నాలుగున్నరకే మెలకువ వచ్చింది. సోమవారమంటే ఈ మధ్య నాకు అలాగే అవుతోంది, ఎందుకంటే అది కలెక్టరేటులో జనం ఫిర్యాదులు వినే ప్రజావాణి జరిగే రోజు. బీరువాలోంచి ఫైలు తీసి, తడవకుండా యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరులో చుట్టుకున్నాను. అందులో నాన్నగారి పేరు మీదున్న పాత పాసుపుస్తకం, 2010లో విరాసత్, అంటే వారసత్వంగా పేరు మార్పిడి, అయ్యాక నా పేరు మీద వచ్చిన పుస్తకం, 2018లో ప్రభుత్వం ఇచ్చిన కొత్త పుస్తకం, పహాణీ (ఊరి భూమి లెక్క) నకళ్లు, మీసేవ రసీదులు, పోస్టాఫీసు రసీదులు ఉన్నాయి. ముప్ఫై మూడేళ్లు సాంఘిక శాస్త్రం బోధించిన మనిషిని కాబట్టి తారీఖుల వారీగా సర్దుకోవడం నాకు అలవాటు. ఇన్ని కాగితాలున్నా పొలం మాత్రం కాగితంలో తక్కువే ఉంది.

ఈ డైరీలో ఇదివరకే రాశానో లేదో గుర్తులేదు గనుక సంగతి మరొకసారి రాస్తాను. మా పొలం 2 ఎకరాల 18 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). 2017లో భూరికార్డుల ప్రక్షాళన పేరుతో ఊరూరా లెక్కలు సరిచూసినప్పుడు, మా సర్వే నంబరులోని బై నంబర్ల, అంటే విడి ముక్కల, విస్తీర్ణాలన్నీ కలిపితే పాత సర్వే రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఉన్న అసలు విస్తీర్ణం కంటే 12 గుంటలు ఎక్కువ వస్తున్నాయని తేలిందట. ఆ తేడా ఎవరి వల్ల వచ్చిందో విచారించే ఓపిక లేక, నా బై నంబరు ఒకదాన్ని పార్ట్-బిలో, అంటే వివాదంలో ఉన్న భూముల జాబితాలో, పెట్టారు. అక్కడ నాతో వివాదపడినవాడు ఒక్కడూ లేడు. పక్క పొలం ఆయన నా తరఫున సంతకం పెడతానని తనంతట తానే రెండుసార్లు మండలాఫీసుకు వచ్చాడు. కొత్త పాసుపుస్తకంలో నాకు 2 ఎకరాల 6 గుంటలే మిగిలాయి. తప్పిపోయిన ఆ 12 గుంటల్లోనే మా బావి, దాని గట్టున నాన్నగారు నాటిన వేపచెట్టు ఉన్నాయి. ఏడేళ్లుగా ఆ బావి నీళ్లతోనే మడి పారిస్తున్నాను, కానీ ప్రభుత్వం లెక్కలో ఆ బావి నాది కాదు.

డబ్బు లెక్క వేస్తే ఇది పెద్ద నష్టమేమీ కాదు. పంట పెట్టుబడి సాయంగా రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలిచ్చేవారు, అంటే 12 గుంటలకు 1,200. తర్వాత 5,000 చేశారు, 1,500 పోయాయి. ఇప్పుడు రైతు భరోసా కింద 6,000 ఇస్తున్నారు, 1,800 పోతున్నాయి. పింఛను వచ్చే మనిషిని గనుక దీనికోసం ఏడవనక్కరలేదు. కానీ ఆ ముక్కను అమ్ముకోలేను, బ్యాంకులో పెట్టలేను, బిడ్డ పేర రాయలేను. రేపు నేను పోతే నా వారసులకు విరాసత్ కూడా కాదు.

ఏడున్నర బస్సెక్కాను. మండల కేంద్రంలో సొసైటీ గోదాము ముందు అప్పటికే యూరియా కోసం బారు కట్టారు. మనుషులు అరుగు మీద వానకు తల దాచుకుంటే, వాళ్ల బదులు చెప్పులూ, పాసుపుస్తకాలూ, రాయి బరువు పెట్టిన ఆధార్ జిరాక్సులూ వరుసలో నిలబడ్డాయి. వరి నాటు వేసి నెల కావస్తోంది, పత్తికి రెండో దఫా వేయాలి, బస్తా మాత్రం దొరకడం లేదు. బస్సులో ఎవరో కేంద్రాన్ని తిట్టారు, ఇంకెవరో రాష్ట్రాన్ని తిట్టారు, ఇద్దరూ కాసేపటికి అలసిపోయి ఊరుకున్నారు. ఆ చెప్పుల వరుసను చూసినప్పుడు, నా ఫైలు కూడా ఏడేళ్లుగా నా బదులు ఎక్కడెక్కడో అలాగే నిలబడి ఉందని అనిపించింది.

ప్రజావాణికి ముందు ఎమ్మెల్యేగారి క్యాంపు కార్యాలయానికి వెళ్లాను. ఇది నాలుగోసారి. అంతకుముందు ఆయనకు మూడు ఉత్తరాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మూడింటికీ ముట్టినట్టు రసీదులు సంతకంతో సహా తిరిగి వచ్చాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. వచ్చే నెల నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేస్తారని పేపర్లో రాశారు. ఉత్తరం వేగంగా చేరడం నా ఇబ్బంది కాదు గనుక, ఈ సంస్కరణ వల్ల నాకు ఒరిగేదేమీ ఉండదు.

కార్యాలయం వరండాలో ఎనభై మంది దాకా ఉన్నారు. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఆసుపత్రి బిల్లు రావలసినవాళ్లు, ఇందిరమ్మ ఇల్లు జాబితాలో పేరు ఎందుకు లేదో అడగడానికి వచ్చినవాళ్లు, పెళ్లయి ఏడాదైనా కల్యాణలక్ష్మి చెక్కు అందని తల్లిదండ్రులు. ఒక తల్లి చంకలో చంటిపిల్ల ఉంది. అది తన మనవరాలని, చెక్కు మాత్రం కూతురి పెళ్లిదని ఆమె నవ్వుతూనే చెప్పింది. 1,00,116 రూపాయలు పెళ్లి ఖర్చుకని ఇస్తామన్నది, పురిటి ఖర్చుకు కూడా అందలేదు.

అక్కడ పీఏగా ఉన్న అబ్బాయి నా దగ్గర తొమ్మిది, పది తరగతులు చదివాడు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి, "సార్, మీరు లైన్ల నిలబడుడేంది, లోపలికి రాండి" అన్నాడు. నేను లోపలికి వెళ్లాను. ఇది దాచకుండా రాసుకోవాలి. పౌరులందరూ చట్టం ముందు సమానులని ముప్ఫై మూడేళ్లు నల్లబల్ల మీద రాసిన చేతితోనే తలుపు తోసుకుని, చంకలో పిల్ల ఉన్న ఆ తల్లిని దాటి ముందుకు వెళ్లాను. చాయ్ కూడా తాగాను.

ఎమ్మెల్యేగారు తొమ్మిది దాటాక బయటకు వచ్చారు. అప్పటికే కారు ఇంజను నడుస్తోంది. మర్యాదలో లోపం చేసే మనిషి కాదాయన. రెండు చేతులూ పట్టుకుని, "పెద్దసారు, మీ పని నా మనసులున్నది, కలెక్టర్‌తోని మాట్లాడుత, చూద్దాం" అన్నారు. ఫైలు మీద చెయ్యి వేశారు కానీ తెరవలేదు. పోయిన మార్చిలోనూ, మేలోనూ అన్నవి ఇవే మాటలు. సర్వే నంబరు ఎంతని ఒక్కసారీ అడగలేదు. అడగకుండా కలెక్టరుతో ఏమని మాట్లాడతారో నాకు అర్థం కాదు.

ఈయన ఒక్కరినే అనడం న్యాయం కాదు. 2023 ఎన్నికలకు ముందున్న ఎమ్మెల్యేగారు 2021లో లెటర్‌ప్యాడు మీద సిఫారసు ఉత్తరం ఇచ్చారు. దాన్ని పట్టుకుని మండలాఫీసుకు వెళ్తే, తప్పు సరిచేసే అధికారం తమకు లేదని, కంప్యూటరులో అంతా కలెక్టరు లాగిన్‌లోనే ఉంటుందని చెప్పారు. అది నిజమే. 2020 సెప్టెంబరులో కొత్త చట్టం తెచ్చి, ఊరి రెవెన్యూ అధికారులైన వీఆర్‌ఓలను తీసేసి, రెవెన్యూ కోర్టులను ఎత్తివేసి, అక్టోబరు 29న భూరికార్డుల కోసం ధరణి పోర్టల్ ప్రారంభించినప్పుడు, రికార్డులో తప్పు పడితే కింది స్థాయిలో దిద్దుకునే మార్గం, పై స్థాయిలో అప్పీలు చేసుకునే మార్గం రెండూ లేకుండా చేశారు. దరఖాస్తు రకాలను ఒక్కొక్కటిగా తర్వాత చేర్చుకుంటూ పోయారు. సివిల్ కోర్టుకు వెళ్లవచ్చన్నారు గానీ, 12 గుంటల కోసం లాయరు ఫీజు ఇచ్చుకుంటూ ఎన్నేళ్లు తిరగాలి?

నా ఫిర్యాదు అసలు ఇక్కడ ఉంది. ఆ చట్టం చేసింది శాసనసభ. అందులో ఉన్న 119 మందిలో మా నియోజకవర్గం మనిషీ ఒకరు. బిల్లు వచ్చినప్పుడు లేచి, తప్పు పడితే మా ఊరి రైతు ఎవరి దగ్గరికి వెళ్లాలని అడగవలసింది ఆయన, అది అడగకపోగా, తర్వాత ఆ చట్టం వల్లనే చిక్కుపడిన రైతుకు సిఫారసు ఉత్తరం రాసిచ్చి మేలు చేసినట్టు పంపించారు. తప్పు సభలో జరిగితే ఓదార్పు వరండాలో దొరుకుతోంది. చెక్కు ఇవ్వడం, ఉత్తరం ఇవ్వడం, భుజం తట్టడం ఇవే ఎమ్మెల్యే పనులని మేమూ ఒప్పుకున్నాం. శాసనసభ్యుడనే మాటలో శాసనం ఉందని పదో తరగతి పిల్లలకు చెప్పిన నేనే సభలో ఏం మాట్లాడారని ఆయన్ను ఎన్నడూ అడగలేదు, నా పని ఏమైందనే అడిగాను.

కొత్త ప్రభుత్వం వచ్చి ఆ చట్టం స్థానంలో భూభారతి చట్టం తెచ్చింది. ఈ ఏడాది ఏప్రిల్ 14న పోర్టల్ ప్రారంభమైంది. సవరణ అధికారాలను కింది అధికారులకూ పంచారు, అప్పీలుకు దారి పెట్టారు. చదివినప్పుడు నిజంగా సంతోషించాను, కాదనను. జూన్ 3 నుంచి 20 వరకు రెవెన్యూ సదస్సులు పెట్టారు. మా ఊరి బడి ఆవరణలో షామియానా వేసి దరఖాస్తులు తీసుకున్నారు, నాకూ రసీదు ఇచ్చారు. ఆగస్టు 15లోగా పరిష్కరిస్తామన్నారు. మొన్న శుక్రవారమే ఆ గడువు జెండా వందనంతో పాటు వచ్చి వెళ్లిపోయింది. పోర్టల్ పేరు మారింది గానీ దానిలోకి వచ్చి చేరిన లెక్క పాతదే. అందులో నా పొలం 2 ఎకరాల 6 గుంటలే.

పోనీ ఊళ్లో ఎవరినైనా అడుగుదామంటే, సర్పంచుల పదవీకాలం నిరుడు ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది, ఏడాదిన్నరగా ప్రత్యేకాధికారి పాలన నడుస్తోంది. వీఆర్‌ఓ లేక ఐదేళ్లవుతోంది, ఆయన స్థానంలో గ్రామ పాలన అధికారులు వస్తారంటున్నారు, ఇంకా రాలేదు. పటేల్ పట్వారీల పెత్తనం ఎంత చెడ్డదో మా నాన్నగారు కథలు కథలుగా చెప్పేవారు, అది పోవలసిందే. కానీ ఇప్పుడు తిట్టుకోవడానికైనా ఊళ్లో ఒక మనిషి లేడు.

పదకొండింటికి కలెక్టరేటు చేరాను. టోకెను తీసుకుని, దరఖాస్తు రాసేవాడి బల్ల దగ్గర నేనే రాసుకుని, పన్నెండున్నరకు లోపలికి వెళ్లాను. కూర్చున్న అధికారి ఓపికగా విన్నారు, అడగవలసిన ప్రశ్నలే అడిగారు, పార్ట్-బి అనగానే తల ఊపారు. తర్వాత దరఖాస్తు మూల మీద ఎర్ర సిరాతో "తగు చర్య నిమిత్తం" అని రాసి, దాన్ని మా మండలాఫీసుకే పంపారు. ఎవరి మీద ఫిర్యాదు చేస్తే వారికే పంపడం ఇది ఆరోసారి. పోయినసారి ఇలాగే వెళ్లిన కాగితానికి, దరఖాస్తు పరిష్కరించబడిందని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆత్రంగా ఆన్‌లైన్‌లో చూస్తే బావి ఇంకా నాది కాలేదు. ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి చేరడమే పరిష్కారమని చాలా రోజులకు తెలుసుకున్నాను.

సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగితే 30 రోజుల్లోగా అధికారి జవాబు ఇవ్వాలి. నేను అడిగాను, ఇచ్చారు కూడా: మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. మరి ఓటేసి గెలిపించిన మనిషి ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలి? ఆయనకు గడువు ఐదేళ్లకొకసారి వస్తుంది, అప్పుడు కూడా జవాబిచ్చేది ఆయన కాదు, మనమే వరుసలో నిలబడి వేలికి సిరా పూయించుకుంటాం. నా పని కాదని, ఆ 12 గుంటలు ఎప్పటికీ దొరకవని ఆయన ఒక్క వాక్యం రాసి పంపితే, అంతటితో కోర్టుకైనా వెళ్దును, ఊరకైనా ఉందును. కాదనే జవాబు కూడా రానందువల్లే మనిషి ఇలా సోమవారాల్లో బతకవలసి వస్తోంది.

సాయంత్రం పొలం మీదుగా ఇంటికి వచ్చాను. బావి నిండుగా ఉంది, అంచు మెట్టు దాకా నీళ్లు. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏమన్నరు?" అని అడగలేదు. నా చెప్పులకున్న బురద చూసి వేడినీళ్లు పెట్టింది, అంతే.

రాత్రి ఎనిమిదింటికి పీఏ అబ్బాయి ఫోను చేశాడు. పని గురించేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. "సార్, సెప్టెంబరు 5 నాడు టీచర్స్ డేకు ఎమ్మెల్యే అన్న రిటైరైన సార్లకు శాలువలు కప్పుతున్నడు. లిస్టుల మీ పేరు మొదలు పెట్టిన. స్టేజీ మీద చదవాలె, మీ బయోడేటా వాట్సాప్ చెయ్యుండి" అన్నాడు. వాడి గొంతులో ప్రేమ నిజమైనదే, అందుకే కాదనలేకపోయాను.

భోజనం చేశాక కూర్చుని రాశాను. పేరు, పుట్టిన తేదీ, చదువు, పనిచేసిన బడులు, 33 ఏళ్ల సర్వీసు, 2019లో పదవీ విరమణ. ఆ కింద ఇంకొక వరుస చేర్చాను: స్వగ్రామంలో వ్యవసాయం, 2 ఎకరాల 18 గుంటలు, అందులో బావితో సహా 12 గుంటలు 2017 నుంచి పార్ట్-బిలో; సర్వే నంబరు, బై నంబరు, దరఖాస్తు నంబరు. మా ఆవిడ భుజం మీదుగా చూసి, "గది తీసెయ్యండి, మంచిగుండదు, అందరి ముందట చదువుతరు" అన్నది. అందరి ముందూ చదువుతారనే రాశాను. తొమ్మిదీ నలభైకి పంపించాను. వాడు చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి.