నాటకాలాయన గొంతు

మొన్న ఆదివారం కంప్యూటర్లో పాత వీడియో ఒకటి చూస్తుంటే పక్కగదిలోంచి నాన్న "ఎవర్రా ఆ నాటకాలాయన?" అని కేకేశారు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ తెల్లవార్లూ గోనెపట్టా మీద కూర్చుని పద్యనాటకాలు విన్న చెవులవి. ఆఖరి వరసలో వాడికీ వినపడేలా మాట విసిరేవాణ్ణి ఇట్టే పట్టేస్తారు.

ఆ గొంతు విలియం ఎస్. హార్ట్‌ది. మనకి కౌబాయ్ అంటే 1971 నాటి కృష్ణే గానీ, అమెరికా మూకీల్లో అంతకు యాభై ఏళ్ళ ముందే ఈయన పెద్ద హీరో. సినిమాల్లోకి వచ్చింది 1914లో, 49 ఏళ్ళ వయసులో. అప్పటిదాకా షేక్‌స్పియర్‌తో సహా అంతా నాటకాలే. 1899లో న్యూయార్క్‌లో ఆడిన 'బెన్‌హర్'లో విలన్ మెస్సాలా వేషం ఈయనదే. రథాల పందేనికి స్టేజి మీద ట్రెడ్‌మిల్లులు బిగించి నిజం గుర్రాల్నే పరిగెత్తించారు. గుర్రాలు ఉన్నచోటే ఉంటే వెనక బొమ్మల తెర పరిగెట్టేది.

అంత సానబెట్టిన గొంతుతో పోయిపోయి మూకీల్లో పడ్డాడు!

అక్కడ నవ్వని మొహం, దుమ్ముకొట్టుకుపోయిన బట్టలు, ఫ్రిట్జ్ అనే మచ్చల గుర్రం. 'హెల్స్ హింజెస్' (1916) చివర్లో ఊరంతా తగలబెట్టి ఆ పొగలో నిలబడతాడు చూడండి, నాకైతే ఏ డైలాగూ అక్కర్లేదనిపించింది. తర్వాత టామ్ మిక్స్ అనే ఇంకో కౌబాయ్ హీరో తళుకుబట్టలతో, ఫీట్లతో వచ్చేసరికి జనం అటు మళ్ళారు. 1925లో 'టంబుల్‌వీడ్స్' తీసి, దాన్ని సరిగా విడుదల చెయ్యలేదని యునైటెడ్ ఆర్టిస్ట్స్ కంపెనీ మీద కోర్టుకెక్కాడు. మళ్ళీ వేషం కట్టలేదు.

నేను చూస్తున్నది 1939లో అదే సినిమాని మళ్ళీ వదిలినప్పుడు ముందు అతికించిన ఎనిమిది నిమిషాల ముక్క. కాలిఫోర్నియా న్యూహాల్‌లో తన పొలంలోనే తీశారు. 74 ఏళ్ళ మనిషి కౌబాయ్ బట్టల్లో వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని తన సినిమా రోజుల గురించి మాట్లాడతాడు. మొహానికి కొట్టే గాలి, వెనక తరుముకొచ్చే డెక్కలు, దుమ్ములోంచి సన్నగా డైరెక్టర్ కేక: బాగా వచ్చింది బిల్, ఫ్రిట్జ్ ముక్కు మీద నా తరఫున ఒకసారి తట్టు. రాగం తీసినట్టే అంటాడు. మధ్యలో గొంతు పూడుకుపోతుంది. కొంచెం అతిగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అతి అని తెలిసీ నాకు కళ్ళు చెమర్చాయి.

నాన్న వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను ముక్క ముక్కా తెలుగులో చెప్పాను. అంతా విని, "ఆ గుర్రం ఉందా అప్పటికి?" అనడిగారు.

"లేదు నాన్నా. అంతకు ముందేడే పోయింది. ఆ పొలంలోనే పూడ్చారు."

"మరదే," అన్నారు. "మొదట్నుంచీ పెట్టు."