పురుగు పేరు తేలాకే గంటల లెక్క

ఒకే వేడిలో కూడా ఒక్కో జాతి ఈగ పురుగు ఒక్కో వేగంతో పెరుగుతుంది. శవం మీద దొరికిన పురుగుల వయసును బట్టే చావు ఎప్పుడు జరిగిందో అంచనా వేస్తారు. అవి ఏ జాతివో తేలకుండా ఆ వయసు లెక్కగట్టలేం. బ్లో ఫ్లై (శవం మీద గుడ్లు పెట్టే ఈగ) పురుగుల్ని, అందులోనూ మొదటి దశలో ఉన్నవాటిని, చూసి పోల్చుకోవడం కష్టం. డీఎన్ఏ అక్కరకొచ్చేది అక్కడే.

ఈ పని ల్యాబు కంటే ముందు సీసాలోనే చెడిపోతుంటుంది. బతికున్న పురుగుల్ని నేరుగా ఇథనాల్‌లో వేస్తే ముడుచుకుని నల్లబడతాయి, పొడవు కొలత పోతుంది. 80 డిగ్రీలు దాటిన నీళ్లలో 30 సెకన్లు ముంచి, ఆపైన 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఒంట్లోని నీరు ఊరి ఇథనాల్ పలచబడుతుంది కనుక మర్నాడు మార్చండి. ఫార్మలిన్ వద్దే వద్దు: పురుగు చక్కగా నిలుస్తుంది, డీఎన్ఏ పాడవుతుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసాలోనే వేయండి. పెన్ను సిరా కరిగిపోతుంది. సగం పురుగుల్ని ఈగలయ్యేదాకా పెంచండి. డీఎన్ఏ చెప్పిన పేరును సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు.

పురుగు కడుపులో అది తిన్న శవం డీఎన్ఏ ఉంటుంది. అందుకే పేగు తీసేసి నడుమ కండ వాడాలి. నోటి కొక్కేలు, వెనక శ్వాసరంధ్రాలు ఉండే రెండు కొసలూ దాచుకోవాలి. పెద్ద ఈగైతే ఒక్క కాలు చాలు.

మామూలుగా చదివేది కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువులోని 658 బేసుల (డీఎన్ఏ అక్షరాల) ముక్క. వచ్చిన వరుసను ప్రోటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ అక్కడితో ఆగాలని చెప్పే మూడక్షరాల గుర్తు) కనిపిస్తే, కేంద్రకంలోకి చేరిన ఆ జన్యువు పాత నకలు దొరికిందేమోనని అనుమానించాలి. అయితే ముందు చూసుకోండి, మార్చేది అకశేరుకాల (వెన్నెముక లేని జీవుల) మైటోకాండ్రియా కోడాన్ పట్టికతోనేనా? మామూలు పట్టికలో టీజీఏ అనే కోడాన్ స్టాప్, ఇందులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఇది మరిచి మంచి వరుసను పారేయడం తేలిక.

డేటాబేసులో 99 శాతం కలిసిందని సంబరపడొద్దు. తప్పు పేరుతో ఎక్కించిన వరుసలూ అందులో ఉంటాయి. లూసిలియా సీజర్, లూసిలియా ఇలస్ట్రిస్ అనే రెండు బ్లో ఫ్లై జాతులను సీఓఐ నమ్మకంగా విడదీయలేదు. లూసిలియా సెరికాటా, లూసిలియా కుప్రినా జాతుల సంకరమైతే మైటోకాండ్రియా తల్లి వైపే చెబుతుంది. 28ఎస్ లాంటి కేంద్రక జన్యువునూ చదవాలి. తేలకపోతే నివేదికలో రెండు పేర్లూ రాసి, వయసును రెండిటికీ విడివిడిగా లెక్కగట్టండి.