వైన్‌కి మార్కులేసేవాళ్ళు, మా మావయ్య

మా మావయ్య జీవితంలో వైన్ ముట్టుకోలేదు. కానీ వైన్ జడ్జీల గురించి నేను చెబుతుంటే మొత్తం విశాఖలో అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే. మిగతా చుట్టాలంతా "పొద్దున్నించి తాగుతూ కూర్చోడానికి డబ్బులు కూడా ఇస్తారా, పెట్టి పుట్టారు" అని నవ్వేసి ఊరుకున్నారు. మావయ్య ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో సరుకు చూసి తీసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన అడిగింది ఒక్కటే. "మింగుతారా, ఉమ్మేస్తారా?"

ఉమ్మేస్తారు మావయ్యా. ప్రతి గుక్కా.

సిడ్నీకి ఉత్తరాన రెండు గంటల ప్రయాణం చేస్తే హంటర్ వ్యాలీ వస్తుంది. అక్కడ ఓ వైనరీలో నేను సెల్లార్ పని చేస్తాను. ట్యాంకులు కడగడం, గొట్టాలు లాగడం, పీపాలు నింపడం. విశాఖలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, బీచ్ రోడ్డు హోటళ్ళలో ట్రేలు మోసినవాణ్ణి కాబట్టి, అక్కడి ప్రాంతీయ వైన్ పోటీకి స్టివార్డులు కావాలన్నప్పుడు నన్ను కూడా తీసుకున్నారు. స్టివార్డంటే తెర వెనక మనిషి. సీసాలు తీయాలి, నంబరు చీటీలు అంటించిన గ్లాసుల్లో తలా కాస్త పోయాలి, ఆ గ్లాసుల్ని వరసగా బల్లల మీద పేర్చాలి, తర్వాత తీసుకెళ్ళి కడగాలి. వందల గ్లాసులు. గ్లాసుకి సబ్బు వాసన మిగిలిందో, ఆ రోజంతా మాటలు పడాలి.

మొదట్లోనే చెప్పేశారు: సెంటు వద్దు, ఆఫ్టర్‌షేవ్ వద్దు, వాసనొచ్చే క్రీములేవీ వద్దు. మిగతావాళ్ళకి అంతటితో అయిపోయింది. నాకు తలకి రాసే కొబ్బరి నూనె ఉంది, అమ్మ సూట్‌కేసులో కుక్కి పంపే మైసూర్ శాండల్ సబ్బుంది, మధ్యాహ్నానికి డబ్బాలో పట్టుకెళ్ళే పులిహోరలో ఇంగువ ఉంది. ఆ వారం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిని బతికాను. చొక్కాలు కూడా వంటింటికి దూరంగా ఆరేశాను. పరాయి దేశంలో మన వంట వాసన గురించి ఎప్పుడూ ఉండే బెరుకు వేరు. ఇది వేరు. ఇక్కడ తెల్లవాడికీ నాకూ ఒకటే రూలు, అందుకని పెద్దగా బాధనిపించలేదు.

జడ్జీలు తెల్ల కోట్లు వేసుకుని నిలబడే పని చేస్తారు. ప్యానెల్‌కి ముగ్గురు. వాళ్ళతో పాటు నేర్చుకోడానికి వచ్చిన అసోసియేట్లు ఒకరిద్దరుంటారు. అసోసియేట్లు కూడా మార్కులు వేస్తారు గానీ అవి లెక్కలోకి రావు. ఒకే రకం ద్రాక్ష, ఒకే సంవత్సరం వైన్లన్నీ ఒక క్లాసు కింద వరసగా ఉంటాయి. ఎవరిది వాళ్ళు రుచి చూసి రాసుకుంటారు, అప్పటిదాకా నోరు విప్పరు. మొహం చిట్లించడం కూడా మర్యాద కాదు, పక్కవాడి మార్కు మారిపోతుందని. వరస అయిపోయాక ముగ్గురూ కూర్చుని ఎవరి అంకె వాళ్ళు చదువుతారు. అసలు పోట్లాట అక్కడే.

"మరి ఫస్టెవరికి?" అంది మా అత్తయ్య. విశాఖలో అందరూ ఇదే అడిగారు. అక్కడ పతకం పోటీలో రాదు, కొలతలో వస్తుంది. వందకి 95, ఆపైన వస్తే బంగారం, 90 నుంచి 94 దాకా వెండి, 85 నుంచి 89 దాకా కంచు. ఒక క్లాసులో పది బంగారాలు రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. పాత పద్ధతిలో 20కి వేసేవారు. అందులో రంగుకి 3, వాసనకి 7, నోటికి 10. ఒకదాన్ని ఇంకోదానితో తూచేది ట్రోఫీలకే. బంగారం వచ్చినవాటిని మళ్ళీ పోసి, జడ్జీలందరి ముందూ పెడతారు.

జడ్జీ చెయ్యెత్తి "రెండో సీసా" అన్నాడంటే నాకు పరుగు. సీసాలో ఏదో తేడా ఉందని అనుమానం వస్తే, అదే వైన్ ఇంకో సీసా తెరిచి ఇవ్వాలి. ఒకప్పుడు ఎక్కువగా పట్టుకునేది బెరడు బిరడా (కార్కు) వల్ల వచ్చే తడి అట్టపెట్టె వాసన. దానికి కారణం టీసీఏ అనే పదార్థం. లక్ష కోట్ల వంతుల్లో నాలుగైదు వంతులున్నా వాసన తెలిసిపోతుంది. 2000లో దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ చేసేవాళ్ళు కట్టుగా మర మూతలకి మారారు, ఆ తర్వాత దేశమంతా అటే వెళ్ళింది. అందుకే ఆస్ట్రేలియాలో ఈ బెడద చాలా తగ్గింది. అయినా మిగతా తెగుళ్ళు ఉండనే ఉన్నాయి. వెనిగర్ పులుపు, గోళ్ళరంగు వాసన, పశువుల కొట్టం వాసన, కుళ్ళిన ద్రాక్ష నుంచి వచ్చే మట్టి వాసన.

మట్టి వాసన అనగానే మావయ్య కుర్చీ ముందుకి లాక్కున్నారు. "చెరువు రొయ్యకి వస్తుందే, అదా?"

నిజంగా అదే. జియోస్మిన్. తొలకరికి నేల నుంచి లేచే వాసన ఇదే. చెరువులో నాచు పెరిగితే రొయ్యలోకి ఎక్కుతుంది, బూజు పట్టిన ద్రాక్ష నుంచి వైన్‌లోకి వస్తుంది. మావయ్య రైతు తెచ్చిన సరుకులోంచి నాలుగు రొయ్యలు తీసి, ఉప్పు కూడా వేయకుండా ఉడకబెట్టి, ముందు ఆవిరి వాసన చూసి, తర్వాత కొరికి, ఉమ్మేసేవారట. మట్టి వాసన తగిలితే లారీ వెనక్కి. ఎదురుగా నిలబడ్డ రైతు మొహం చూడకూడదనేది ఆయన నియమం. "మొహం చూస్తే నాలిక మెత్తబడిపోద్దిరా."

అక్కడ చేసేదీ ఇదే, కాకపోతే మనిషి నియమం మీద వదిలిపెట్టరు. సీసా గోడకి అవతల, గ్లాసు ఇవతల. వైనరీ పేరు, ధర, లేబులు ఏదీ జడ్జీకి తెలీదు. అంత జాగ్రత్త ఎందుకంటే నాలిక ఎంత తేలిగ్గా మోసపోతుందో వాళ్ళకి బాగా తెలుసు. 2001లో ఫ్రాన్స్‌లో కొందరు పరిశోధకులు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి ఇస్తే, వాళ్ళు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అని, ప్రొఫెసర్‌గా రిటైరైన, సొంతంగా చిన్న వైనరీ ఉన్నాయన ఇంకా లోతుకి వెళ్ళాడు. ఆ రాష్ట్ర పోటీలో జడ్జీలకి చెప్పకుండా ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు పోయించాడు. 2008లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం మూడింటికీ ఒకే పతకం పరిధిలో మార్కులు వేసింది పది శాతం మంది జడ్జీలే.

"మరింక నిపుణులేంటి?" అంది అత్తయ్య. న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు ఈ లెక్క చూశాకే ఆ పద్ధతి మీద గౌరవం పెరిగింది. ఒక్కడి నాలికని నమ్మలేం కాబట్టే ముగ్గురు, పేరుని నమ్మలేం కాబట్టే నంబరు. ఉద్యోగాలకి నేను పంపిన అప్లికేషన్లు గుర్తొచ్చాయి. మన ఇంటిపేరు చూసి ఫోనే చేయని ఆఫీసులు అక్కడ నాకు బోలెడు. సీసాకి దొరికిన గోడ మనిషికి దొరకలేదు.

రొయ్యతో పోలిక ఒకచోట ఆగిపోతుంది. హంటర్ సెమియాన్ అని తెల్ల వైన్ ఒకటుంది. ఆల్కహాలు మామూలుగా పది, పదకొండు శాతం దగ్గరే ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు తాగితే పళ్ళు పులిసిపోయే నిమ్మ పులుపు, ఇంకేమీ లేదనిపిస్తుంది. అదే పదేళ్ళు పడుకోబెడితే, చెక్క పీపా ముట్టుకోకుండానే, కాల్చిన రొట్టె, తేనె వాసనలు వస్తాయి. ఆ లేత గ్లాసులో పదేళ్ళ తర్వాతి వైన్‌ని చూడగలగాలి జడ్జీ. మావయ్యకి ఇది మింగుడు పడలేదు. "రొయ్యకి రేపు అనేది లేదు కదరా!"

ఆ చూపు ఊరికే రాదు. లెన్ ఎవాన్స్ అనే పేరుమోసిన వైన్ జడ్జీ 2001లో హంటర్‌లోనే ఒక శిక్షణ మొదలుపెట్టాడు. ఏడాదికి 12 మంది, ఐదు రోజులు, ప్రపంచంలోని గొప్ప సీసాలన్నీ పేరు దాచి పోసి, ఎందుకు గొప్పదో వాదించమంటారు. ఆయన 2006లో పోయాడు గానీ శిక్షణ ఆగలేదు. అక్కడి జడ్జీల్లో చాలామంది ఆ గడప దాటి వచ్చినవాళ్ళే.

నేను చూసిన పోట్లాట ఒకటి చెప్పాలి. ఒక సెమియాన్‌కి ముగ్గురూ ఎనభైల్లో వేశారు. మార్కు లెక్కకి రాని అసోసియేట్ అమ్మాయి 95 అంది. ప్యానెల్ పెద్ద, తల నెరిసినాయన, ఎందుకని అడిగాడు. ఆ పిల్ల రెండు ముక్కల్లో చెప్పింది: పులుపు సన్నగా చివరిదాకా సాగుతోంది, మధ్యలో తెగట్లేదు. ఆయన ఏమీ అనకుండా నన్ను పిలిచి మళ్ళీ పోయమన్నాడు. ముగ్గురూ మళ్ళీ చూశారు. ఒకాయన కదల్లేదు. పెద్దాయన తన అంకె కొట్టేసి పక్కన కొత్తది రాసుకున్నాడు. చివరికి వెండి వచ్చింది దానికి. మన ఆఫీసుల్లో ట్రెయినీ మాట మీద మేనేజరు అందరి ముందూ అంకె కొట్టేయడం నేనైతే చూడలేదు.

జడ్జీల మీద నాకు అసూయ లేదని మాత్రం చెప్పగలను. రోజుకి వంద దాకా పుల్లటి గుక్కలు. పంటి పైపొర మెత్తబడుతుందని సాయంత్రం వెంటనే పళ్ళు కూడా తోముకోరు, నీళ్ళతో పుక్కిలించి ఊరుకుంటారు. చాలామంది వైన్ తయారు చేసేవాళ్ళే, సొంత పని వదులుకుని వస్తారు. పని అయ్యాక అందరూ అడిగేది చల్లటి బీరు.

ఫలితాలు చెప్పేశాక మిగిలిన సీసాలు స్టివార్డులం రుచి చూశాం. ట్రోఫీ వచ్చిన సెమియాన్ నాకు ఉప్పు, పంచదార మర్చిపోయిన నిమ్మరసంలా తగిలింది. నేను రెండోసారి పోయించుకున్నది కంచు కూడా రాని తియ్యటి వైన్. మావయ్య అడిగితే దాన్నే తీసుకొస్తాను.