నా గర్భసంచి కోసం నాలుగు రోజులు

ముట్లు ఆగిన ఏడేళ్లకు మళ్లీ రక్తం కనబడింది. స్కానింగ్, పొర ముక్క పరీక్ష, ఆపరేషన్ అన్నీ నెల తిరిగేలోపే అయిపోయాయి. గర్భాశయం, రెండు అండాశయాలు తీసేశారు. నర్సులు బంగారం, వాళ్లను ఒక్క మాట అనను.

చిక్కంతా రిపోర్టుతో వచ్చింది. గర్భాశయ పొరలో క్యాన్సర్, ఎడమ అండాశయంలో నిమ్మకాయంత గడ్డ. 'అక్కడి నుంచి పాకి ఉండవచ్చు' అని రాశారు. పాకితే మూడో దశ, దేనికది పుట్టిందైతే రెండూ మొదటి దశే. హైదరాబాద్‌లో చూపిస్తే డాక్టరమ్మ, "స్లైడ్లు, మైనపు బ్లాకులు తెండి" అన్నారు. బ్లాకులంటే కోసి తీసిన ముక్కల్ని మైనంలో దాచిన దిమ్మలు, స్లైడ్లంటే వాటి నుంచి పల్చగా చెక్కి గాజు మీద పరిచిన పొరలు.

తిరిగి విజయవాడ, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే. మొదటిరోజు ల్యాబులో సంబంధిత ఉద్యోగి లేడు. రెండోరోజు మా మరిది చేయించిన సిఫారసు ఫోన్లతోనే గడిచింది. సిఫారసును నమ్ముకోకండి, అది అవతలివాళ్లకు మరింత బింకం తెస్తుంది. మూడోరోజు కౌంటరులో అబ్బాయి, "మగవాళ్లెవరూ రాలేదా అమ్మా? మీ ఆయన సంతకం కావాలి" అన్నాడు. ఆయన పోయి పదకొండేళ్లయిందన్నాను. "అయితే మీ అబ్బాయిని పంపండి." నాకున్నది ఒక్క కూతురు, దుబాయ్‌లో ఉంటుంది. అంతలో లోపలి నుంచి ఇంకెవరో, "ఎవరిదయ్యా ఆ గర్భసంచి?" అని గట్టిగా అరిచారు. బెంచీల మీదివాళ్లందరూ నావైపు తిరిగారు. ముప్పై ఏళ్లు లెక్కల పాఠాలు చెప్పిన గొంతు ఆ నిమిషాన పెగల్లేదు. ఆటోలో ఏడ్చాను.

నాలుగోరోజు నేరుగా సూపరింటెండెంట్ గదికే వెళ్లాను. "కోయడానికి నా సంతకం సరిపోయింది కదా, కోసింది ఇవ్వడానికి ఎందుకు సరిపోదు?" అన్నాను. పది నిమిషాల్లో చేతికొచ్చాయి. డిశ్చార్జి రోజే వీటిని ఎలా తీసుకోవాలో అడిగి రాయించుకోండి. ఎండలో పెట్టకండి, మైనం.

హైదరాబాద్‌లో మళ్లీ పరీక్షిస్తే తేలింది, అండాశయంలోది గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అట, అరుదైన రకం. పెద్దవాళ్లలో వచ్చే ఈ గడ్డల్లో దాదాపు అన్నిటిలోనూ ఫాక్స్ఎల్2 జన్యువులో ఒకే మార్పు ఉంటుందని 2009లో కనుగొన్నారు. ఆ పరీక్ష చేసింది మైనపు బ్లాకు మీదే. ఈ గడ్డ ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. ప్రొజెస్టెరాన్ అడ్డు లేకుండా ఆ హార్మోన్ తగులుతూ ఉంటే గర్భాశయ పొర దళసరెక్కి, కొందరిలో క్యాన్సరవుతుంది. అంటే పాకడం కాదు, పైది కిందిదాన్ని రేపెట్టింది. కీమో అక్కర్లేదన్నారు. అయితే ఈ గడ్డ ఇరవై ఏళ్లకైనా తిరిగి రావచ్చు కాబట్టి ఇన్‌హిబిన్ (ఈ గడ్డ రక్తంలోకి వదిలే హార్మోన్) రక్తపరీక్ష మాత్రం మానకూడదు.

బ్లాకులు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలని రాయించుకున్నారు. గడువు నిన్నటితో అయిపోయింది. ఫోను చేస్తే, ఇంట్లో మగవాళ్లెవరూ లేరు, పంపడం కుదరదని చెబుతాను.