ఆదివారం, మెట్ల గదిలో

నిన్న రాత్రి ములుగు మిత్రుడు ఫోను చేసి "మీ రిపీటర్‌కు నత్తి వచ్చింది" అన్నాడు. ఆయనా నాలాగే హామ్, అంటే సరదా కొద్దీ లైసెన్సు తీసుకుని సొంత రేడియోలో మాట్లాడే మనిషి. అప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఆయన అన్న మాట అక్షరాలా నిజం. ఆయన మాట్లాడటం మొదలుపెట్టగానే మా యంత్రం అందుకుంటుంది, తిరిగి పలుకుతుంది, అర క్షణంలో వదిలేస్తుంది, మళ్లీ అందుకుంటుంది. టక్, టక్, టక్. మాటలో సగం గాలికి పోతుంది. హనుమకొండలో, కాజీపేటలో ఉన్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. దూరం నుంచి సన్నగా వచ్చే గొంతుకే ఈ అవస్థ. ఆ గొంతుల కోసమే దాన్ని కట్టుకున్నాం.

రిపీటర్ అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే ఒకసారి ఇలా చెప్పాను. గుట్ట మీద నిలబడిన మనిషి కింద ఎవరో పిలిచిన పిలుపు విని, అదే క్షణంలో ఊరంతా వినేలా కేక వేస్తాడు. పిలుపు సాగినంతసేపూ కేక సాగాలి. తన కేక తన చెవిని మూసేయకూడదు. చిక్కంతా అక్కడే. మాది పలికేది 25 వాట్లు. వినవలసినది పావు మైక్రోవోల్టు. ఈ రెండు శక్తుల నిష్పత్తి రాస్తే ఒకటి పక్కన పదహారు సున్నాలు దాటుతుంది. రెండూ ఒకే యాంటెన్నా మీద, రెంటి మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. వాటిని విడదీసి ఉంచే కాపలాదారు డ్యూప్లెక్సర్. ఆరు గొట్టాలు, అటు మూడు, ఇటు మూడు. ఒక్కో గొట్టం లోపల మూరకు కాస్త ఎక్కువ పొడవున కడ్డీ. 145 మెగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు అంతే కదా మరి.

కొన్న డ్యూప్లెక్సర్లలో కడ్డీని సర్దే భాగం ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమంతో ఉంటుంది. వేడికి దాదాపు సాగదు. మాది చేత్తో చేసుకున్నది, ఇత్తడి కడ్డీలు. డిసెంబరు చలిలో ట్యూన్ చేశాం, ఇప్పుడు మే నెల. రేకుల మెట్ల గదిలో 20 డిగ్రీలు పెరిగితే అర మీటరు ఇత్తడి రెండు వెంట్రుకల మందం సాగుతుంది. అంత మాత్రానికే దాదాపు 50 కిలోహెర్ట్జ్ పక్కకు జరుగుతుంది. లెక్క కాగితం మీద ముద్దుగా కుదిరింది. ఇక అనుమానం లేదనుకున్నాను. లెక్క కుదిరిందంటే నేను కళ్లు మూసుకుంటాను, ఇది నాకు పాత జబ్బు.

పొద్దున్నే ఏడింటికి రిపీటర్ ఉన్న పెద్దమ్మ వాళ్ల మేడ ఎక్కాం, నేనూ, ఇంజనీరింగ్ చదివే మా కుర్రవాడూ. కిందటేడే హామ్ పరీక్ష రాసి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో పలికే పేరు, తెచ్చుకున్నాడు. పెట్టె తెరవక ముందే వాడు అడిగాడు, "అన్నా, ముందు యాంటెన్నా తీసేసి డమ్మీ లోడ్ పెట్టి చూద్దామా?" డమ్మీ లోడ్ అంటే పవర్‌ను గాలిలోకి వదలకుండా తానే మింగేసే నకిలీ యాంటెన్నా. నేను చెయ్యి ఊపి స్పానర్ అడిగాను.

క్యావిటీ, అంటే ఆ గొట్టం, ట్యూన్ చేయడం చూడటానికి ఏమీ ఉండదు. నానో వీఎన్ఏ అనే చిన్న కొలత పరికరం తెర మీద ఒక గీత. ఆ గీతలో ఒకచోట నిలువునా బావిలా లోయ, ఆ ఫ్రీక్వెన్సీని గొట్టం ఆపేస్తోందని అర్థం. సర్దుబాటు కడ్డీని పావు చుట్టు తిప్పితే బావి పక్కకు నడుస్తుంది. పలికే వైపు గొట్టాల బావి వినే ఫ్రీక్వెన్సీ మీద నిలవాలి, వినే వైపువి పలికే ఫ్రీక్వెన్సీ మీద. అక్కడికి తెస్తావు, ఊపిరి బిగబట్టి నట్టు బిగిస్తావు, బిగించిన ఆ చివరి పిసరుకు బావి మళ్లీ జరుగుతుంది. అందుకని ముందే ఇవతలగా ఆపి, బిగింపుతో అది సరైన చోటికి చేరేలా చూసుకోవాలి. ఇది ఏ పుస్తకంలో చదివినా చేతికి రాదు. నాలుగోదానికి వచ్చేసరికి చెమట కళ్లలోకి కారింది, తెర మీద గీత రెండుగా కనిపించింది.

బావులు నిజంగానే జరిగి ఉన్నాయి. ఒకటి 30 కిలోహెర్ట్జ్, ఒకటి 40. చూశావా అన్నట్టు కుర్రవాడి వైపు చూశాను. ఆరూ సరిచేసేసరికి పది దాటింది. యాంటెన్నా తగిలించి, వాడిని స్కూటర్ మీద చేతి రేడియోతో పంపాను. ఊరి చివరకు వెళ్లి, తక్కువ పవర్‌తో, గొంతు బురబురలో మునిగి తేలుతున్న చోట ఆగమన్నాను. ట్రాన్స్‌మిటర్ ఆపి వింటే వాడి గొంతు ఉంది. ట్రాన్స్‌మిటర్ నొక్కితే లేదు. మూడు గంటల పనికి ఫలితం సున్న.

అప్పుడు డమ్మీ లోడ్ పెట్టాను. యాంటెన్నా లేదు కాబట్టి వాడు వీధి చివరి దాకా దగ్గరకు రావలసి వచ్చింది. గొంతు మళ్లీ అంతే సన్నగా వినిపించే చోట ఆగాడు. ట్రాన్స్‌మిటర్ నొక్కాను. గొంతులో రవ్వంత తేడా లేదు. వదిలాను, నొక్కాను. అదే గొంతు. అంటే డ్యూప్లెక్సర్ నిర్దోషి, తప్పు దాని బయట ఉంది. వాడు మెట్లెక్కి వచ్చి ఏమీ అనలేదు. మంచి పిల్లవాడు.

బయట అంటే కేబుల్, కనెక్టర్లు, యాంటెన్నా. నీరు దిగిందేమోనని కనెక్టర్ టేపు విప్పాను. లోపల రాగి కొత్త బిందెలా మెరుస్తోంది. యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తే 1.2, బాగానే ఉంది. అన్నీ తిరిగి బిగించి, ట్రాన్స్‌మిటర్ నొక్కి ఉంచి, రిసీవర్ స్పీకర్ పెద్దది చేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఒక్కోసారి కరకరమంటోంది. ఒక్కోసారి మానేస్తోంది.

పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు మెట్టు మీద పెట్టి, ఆరిన బట్టలు తీయడానికి దండెం దగ్గరకు వెళ్లింది. దుప్పటి పట్టి లాగింది. స్పీకర్ కరకరలాడింది. చీర లాగింది. మళ్లీ కరకర. కుర్రవాడు మజ్జిగ గ్లాసు నోటి దగ్గరే ఆపేశాడు.

"పెద్దమ్మా, ఆ దుప్పటి మళ్లీ ఒకసారి లాగు."

"ఎందుకు బిడ్డా, ఆరిందిగా?"

"ఒక్కసారి."

లాగింది. కరకర.

దండెం జీఐ తీగ. ఒక కొస నీళ్ల ట్యాంకు ఇనుప కాలికి, రెండో కొస మా యాంటెన్నా పైపుకు. పాత తాడు తెగితే పది రోజుల కిందట తానే కట్టుకుందట, స్తంభం ఖాళీగా ఉంది కదా అని. తీగ పాతది, తుప్పుది. తుప్పు పట్టిన రెండు లోహాలు కలిసీ కలవకుండా తగులుతుంటే ఆ చోటు డయోడ్‌లా, అంటే కరెంటును ఒక వైపే పోనిచ్చే ముక్కలా, ప్రవర్తిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు బ్లేడు, పెన్సిల్ ముల్లుతో రేడియో చేసుకున్నది ఈ గుణంతోనే. వాళ్లకు వరమైంది మాకు శనిలా పట్టింది. పైన యాంటెన్నా 25 వాట్లు చిమ్ముతుంటే కింద దండెం దాన్ని నమిలి, చప్పుడుగా మార్చి మా చెవిలోనే ఊదుతోంది. గాలికి బట్టలు ఊగినప్పుడల్లా.

తీగ విప్పేశాం. కుర్రవాడు మళ్లీ ఊరి చివరకు వెళ్లాడు. నొక్కినా వదిలినా ఒకటే గొంతు.

నైలాన్ తాడు తెచ్చి కడితే పెద్దమ్మకు నచ్చలేదు. "ఇది సాగుతుంది బిడ్డా, దుప్పటి నేల నాకుతుంది" అంది. అదీ నిజమే. నడుమ వెదురు కర్ర నిలబెట్టాం. కట్టిన చోటును చేత్తో ఊపి చూసి, ఇంకో ముడి వేయమంది. వేశాను.

2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడి, మోరంచవాగు మోరంచపల్లిని ముంచినప్పుడు మాకు ఈ రిపీటర్ లేదు. మేడల మీద జనం ఉన్నారని టీవీలో చూస్తూ కూర్చున్నాం. అప్పుడు మొదలైన ఆలోచనే ఈ పెట్టె. వానలు ఇంకో నెలలో వస్తాయి. నత్తి మేలోనే బయటపడటం మా అదృష్టం.

రాత్రి ఎనిమిదిన్నరకు ములుగు మిత్రుడు రేడియోలో వచ్చాడు, ఒక్క అక్షరం పోకుండా. ఏమి చేశావని అడిగితే డ్యూప్లెక్సర్ అంతా సరిచేశానని చెప్పబోయాను. కుర్రవాడు కూడా వింటున్నాడని గుర్తొచ్చి దండెం సంగతి చెప్పాను. ఆయన నవ్వు కూడా స్పష్టంగా వినిపించింది.

రిపీటర్ పుస్తకంలో ఇలా రాశాను: "ఆరు క్యావిటీలు ట్యూన్ చేశాం, అంత అవసరం లేదు. దండెం మార్చాం. తాడు, కర్ర ఖర్చు 140 రూపాయలు." బట్టల క్లిప్పులు కూడా కావాలంది పెద్దమ్మ. ప్లాస్టిక్‌వే తేవాలి.